సమ్మయ్య సారు డబ్బా ఇవాళ కూడా హాజరు తీసుకుంది

ఇందుమూలంగా ఊరి జనానికీ, ఈ గ్రూపువాళ్లకూ తెలియజేయడమేమనగా, బడి కిటికీ కింద నక్కి కోడిలా కూయడం నేటి నుంచి బంద్.

తిట్టే మనిషి లేడు.

నిన్న సాయంత్రం ఫోనొచ్చింది. బీజాపూర్ ఆస్పత్రిలో సమ్మయ్య సారు పోయాడని.

"జోకులెయ్యకు" అన్నాను. ఊరంతా రోజూ నాతో అనే మాట. నేను ఇంకొకరితో అనడం ఇదే మొదలు.

బయట ఉన్నవాళ్లకు తెలియదేమో, మా బడికి ఆయనొక్కడే సారు. మాది సరిహద్దు ఊరు, సర్కారు పుస్తకాలు హిందీ. చిన్నపిల్లలకు వచ్చింది మా ఇళ్లలో మాట్లాడే దోర్లి, కాస్త తెలుగు. అందుకని పాఠాలన్నీ దోర్లిలో తన గొంతుతోనే రికార్డు చేశాడు.

పాత ఫోను, స్పీకర్ డబ్బా, సోలార్ ప్లేటు. అంతే టెక్నాలజీ. పొద్దున పదింటికి దానంతటదే మొదలవుతుంది. ముందు హాజరు. పేరు పిలిచి, పిల్ల జవాబు చెప్పేంతసేపు ఆగుతుంది. డబ్బా చిన్నవాళ్లను చూసుకుంటుంటే ఆయన పక్కగదిలో పెద్దవాళ్లకు చెప్పేవాడు.

లెక్కలు రికార్డు చేసిన రోజు నేను కిటికీ కింద నుంచి కూశాను. సరిగ్గా ఏడు దగ్గర. మళ్లీ చేసే ఓపిక లేక అలాగే వదిలేశాడు.

తనిఖీకి సాబ్ వచ్చాడు. పిల్లలు ఏడు దాకా లెక్కపెట్టి, అందరూ కలిసి ఒక కూత కూసి, అప్పుడు ఎనిమిది అన్నారు.

"నీ పాడుగాను, నా నౌకరీ పోతదిరా!" అన్నాడు సారు నాతో.

"కోడికి ప్రమోషన్ ఇయ్యి సారూ."

ఇవాళ పొద్దున ఆయన్ని తెచ్చి, బడి పక్కనే ఉన్న వాళ్లింటి ముందు పడుకోబెట్టాం. సెలవని చెప్పేవాడు లేక పిల్లలు బడికొచ్చి వరుసగా కూర్చున్నారు.

పదైంది.

గోడ అవతల సారు దగ్గాడు.

తర్వాత పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

ఇవతల ఆయన దవడకు గుడ్డ కట్టి ఉంది. ఏడుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఆపురా దాన్ని, నా పానం పోతున్నది" అంది సారు భార్య లక్ష్మక్క.

పరుగెత్తాను. పిల్లలు "హాజిర్" అంటున్నారు, రోజూకంటే మెల్లగా. ఇవాళ బడికి రాని పిల్ల పేరొకటి వచ్చింది. ఎవరూ పలకలేదు. డబ్బా కాసేపు ఎదురుచూసింది.

స్విచ్ మీద వేలు పెట్టాను.

"మామా, ఆపకు. నా పేరు ఇంకా రాలే" అంది వెనక వరుసలో భీమె.

అప్పుడే డబ్బా నన్ను పిలిచింది. "ఎల్లయ్యా, నిలబడ్డవేంది? కూసో."

కూర్చున్నాను.

వెళ్లి అక్కతో అదే చెప్పాను. జోకేమోనని నా మొహం చూసింది.

"నిన్ను గూడ కూసోబెట్టిండా? అయితే ఉండనియ్యి. రేపు గూడ మోగనియ్యి."

పాఠం అయ్యాకే పాడె లేపాం.

సారూ, గొంతు ఇక్కడ పెట్టి వెళ్లావు. దాన్ని మేం చూసుకుంటాం. నువ్వు నెమ్మదిగా పడుకో.

అక్కా, నువ్వూ ఇది చదువుతావు కాబట్టి ఒక్క మాట. డబ్బా నన్ను పిలవలేదు. అది నేను అల్లింది. భీమె పేరు రాకముందే ఆపడానికి చెయ్యి రాలేదు, అంతే.