మంచం ఎగిరిన సీను

ఆ సినిమా గురించి ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పగా నేను వినలేదు. విజయనగరంలో మా అన్నయ్య పిల్లలు వరసగా మూడుసార్లు చూశారు. మా వదినేమో ఇంటర్వెల్లోనే లేచి ఇంటికొచ్చేసి, "ఈ తలనొప్పి కోసం హాలు దాకా పోవాలా" అంది. పాడేరులో సీడీలు అద్దెకిచ్చే షాపతను, "కుర్రోళ్ళు ఎగబడతన్నారు సిస్టరుగారూ. పెద్దోళ్ళు సగం సూసి, తిట్టుకుంటా తెచ్చేత్తన్నారు" అన్నాడు. నాకు మాత్రం తెగ నచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ విషయంలో అబద్ధమాడను.

కథ కొంచెం చెప్పాలి, దానితో పనుంది. హీరో ఒక పిరికి దర్జీ. ఎవరైనా ఆపదలో పడి అతన్ని తలుచుకుంటే చాలు, ఇతనికి ఎక్కిళ్ళు మొదలవుతాయి. ఎక్కిళ్ళు రాగానే గాల్లోకి లేస్తాడు, లారీని చంకలో పెట్టుకుంటాడు, పదిమందిని ఒక్క తన్నుతో చెరువు దాటిస్తాడు. మంచినీళ్ళు గొంతులో పడితే ఎక్కిళ్ళు ఆగిపోయి దభీమని కింద పడతాడు. ఆ సంగతి కనిపెట్టిన రౌడీలు కత్తులు మానేసి మరచెంబులతో నీళ్ళు పట్టుకుని అతని వెంట తిరుగుతారు. అన్నిటికన్నా పేరొచ్చింది మంచం సీను. హీరోయిన్ వాళ్ళ మామ్మకి జబ్బు చేస్తుంది. దర్జీ ఆమెను నులకమంచంతో సహా ఎత్తుకుని ఆస్పత్రికి ఎగురుతాడు. దారిలో మేడమీద కాపు కాసిన రౌడీ ఒకడు అతని నోట్లో నీళ్ళు పోస్తాడు. మంచం వెళ్ళి గడ్డిబండి మీద పడుతుంది. మామ్మ లేచి, జబ్బు సంగతి మరిచిపోయి, కొంగు బొడ్లో దోపి డాన్సు చేస్తుంది. ఆ సీనుకి హాలంతా ఈలలు. నేను కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నేను పాడేరు పైన కొండల్లో ఒక సబ్ సెంటర్లో నర్సుని. ఆ ఏడు వానలు వెనకబట్టాక ఇంటింటా మలేరియా జ్వరమే. వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కని గాజు స్లైడు మీద రాసి, కింద ల్యాబుకి పంపడం నా పని. నా గొడుగు కనిపిస్తే చాలు, జనం పొలాల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళని తప్పుపట్టను. రక్తమైతే తీసుకుపోయేవాళ్ళం. ఫలితం వచ్చేసరికి జ్వరమో మనిషో, ఏదో ఒకటి పోయి ఉండేది.

సినిమా వేసి జనాన్ని పోగెయ్యాలన్న ఆలోచన నాదే. దోమల మీద ఆఫీసువాళ్ళ సీడీ వెయ్యమన్నాడు మా సూపర్‌వైజరు. "దోమల్ని చూడ్డానికి ఎవరొస్తారండీ, ఇంట్లోనే ఉన్నాయి కదా" అని నేను ఈ సినిమా పట్టుకెళ్ళాను. మా పరిధిలో అన్నిటికన్నా పైన ఉన్న ఊరు అది. జీపు రోడ్డు నుంచి మూడు గంటల నడక, కరెంటు లేదు. టీవీని దుప్పట్లలో చుట్టి, వెదురు కర్రకి వేలాడదీసి, నలుగురు మగాళ్ళు మోసుకొచ్చారు. చిన్న జనరేటరు, సీడీ ప్లేయరు ఇంకో కర్ర మీద వచ్చాయి. ఊరిపెద్ద ముందు నడుస్తూ రాళ్ళున్న చోటల్లా హెచ్చరిక చేశాడు. ఒక్క కుదుపు లేకుండా తెచ్చారు. నేను మెచ్చుకుంటే, "మాకిది అలవాటే సిస్టరమ్మా" అన్నాడు ఆయన. ఏం మోసి అలవాటైందో నాకు ఆ క్షణాన తట్టలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బడి గదికి కిటికీలన్నీ గొంగళ్ళతో మూసి, సినిమా మొదలుపెట్టాం. ఊరంతా వచ్చింది. నేను టీవీ పక్కన, జనం వైపు తిరిగి కూర్చున్నాను. తమకి నచ్చిన సినిమాకి మనుషుల్ని తీసుకెళ్ళిన వాళ్ళు తెర చూడరు, పక్కవాళ్ళ మొహాలు చూస్తారు. నాదీ అదే బుద్ధి. ఎక్కిళ్ళ దగ్గర పిల్లలు దొర్లిదొర్లి నవ్వారు. ఫైటింగులకి కుర్రాళ్ళు మోకాళ్ళ మీద లేచారు. పెద్దవాళ్ళు చుట్టలు పట్టుకుని, సంతలో కొనని సరుకుని చూసినట్టు చూశారు. ముగ్గురు ముసలమ్మలు మధ్యలోనే వెళ్ళిపోయారు.

మంచం సీను వచ్చింది. నేను ముందుకి వంగి చూస్తున్నాను. మంచం గాల్లోంచి జారగానే గదిలో పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు. ఒకామె కళ్ళు మూసుకుంది. టీవీ మోసిన నలుగురిలో ఒకతను "అయ్యో" అని చెయ్యి చాపాడు, పట్టుకోవాలన్నట్టు. పిల్లలు కూడా పెద్దవాళ్ళ మొహాలు చూసి తగ్గిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి తెస్తే ఇదా అనుకున్నాను.

అప్పుడు కనిపించింది, వెనక గోడవార అత్తగారి పక్కన కూర్చున్న అమ్మాయి. ఏడో నెల. పందొమ్మిదేళ్ళుంటాయేమో. అంతకుముందు ఐరన్ బిళ్ళల కోసం సబ్ సెంటరుకి వచ్చినప్పుడు, చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటుతున్న నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్విన పిల్ల. ఇప్పుడు దుప్పటి తలమీంచి కప్పుకుని, మొహం మోకాళ్ళలో దాచుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. అమ్మయ్య, ఒక్కతైనా నవ్వుతోంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ అమ్మాయి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇంటర్వెల్లో సినిమా ఆపి సూదులు తీశాను. జనం ఎక్కువ, స్లైడులు తక్కువ. "జ్వరమున్నవాళ్ళే రండి" అన్నాను. వరసలో వచ్చారు. రక్తం తీసినవాళ్ళకల్లా నాలుగేసి మందుబిళ్ళలు అక్కడే మింగించాను. ఆ అమ్మాయి లేవలేదు. లేచే ఓపిక లేకపోయిందో, చోటు పోతుందనుకుందో తెలీదు. గది దాటి పది అడుగులు వేస్తే ఆమె దగ్గర ఉండేదాన్ని. వెళ్ళలేదు. అంతలా నవ్వుతున్న పిల్లకి జ్వరమేమిటని.

సినిమా అయ్యాక ఊరిపెద్దని అడిగాను, "ఎలా ఉంది తాతా?"

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. "ఆ ఎగిరేటోడు ఏ ఊర్లో ఎగిరినాడు? తారు రోడ్డున్న ఊర్లో. రోడ్డున్న కాడ ఎగరడం దేనికమ్మా? జీపు ఎక్కిత్తే సాలదేటి?"

నాకు కోపమొచ్చింది. వీళ్ళకి కామెడీ అర్థం కాదనుకున్నాను. చీకటిపడ్డాక దిగివచ్చి రిపోర్టు రాశాను. 'సినిమా ప్రదర్శనకు ప్రజల నుండి మంచి స్పందన లభించినది' అని నా చేత్తోనే రాశాను.

మూడో రోజు పొద్దున్న కబురొచ్చింది. గర్భిణికి ఫిట్స్ వస్తున్నాయి, బేగి రమ్మన్నారు. నేను కొండ సగం ఎక్కేసరికి వాళ్ళే దిగుతూ ఎదురయ్యారు. దుప్పటి రెండు కొసలూ వెదురు కర్రకి కట్టి, అందులో ఆమెను పడుకోబెట్టి మోసుకొస్తున్నారు. అదే కర్ర, ఆ నలుగురు మనుషులే. ఊరిపెద్ద ముందు నడుస్తూ రాళ్ళ దగ్గర హెచ్చరిస్తున్నాడు. ఒంటి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. "ఎన్నాళ్ళ నుంచి?" అనడిగాను.

"సినిమా నాడే సలి పట్టీసింది సిస్టరమ్మా" అంది అత్తగారు. "కూకున్న కాడే వణికిపోయింది. ఇంటికెల్దామంటే రాలేదు. అయిపోయినాక ఎల్దామంది."

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తర్వాత మళ్ళీ నడిచాను, నడవక ఏం చేస్తాను. రోడ్డు దాకా ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాను. మందు నీళ్ళలో కలిపి పోస్తే గొంతు దిగలేదు. ఆ రోజు సంత కాదు, జీపులు లేవు. రోడ్డు పక్కన కర్ర దించి ఎదురుచూశాం. జీపు చప్పుడు కింది మలుపులో వినిపించేసరికి ఆమె పోయింది. లోపలున్న బిడ్డ కూడా. ఊరిపెద్ద నా వైపు చూడకుండా, "రోడ్డు దాకా తెచ్చీసినాం" అన్నాడు. ఆ నలుగురూ మళ్ళీ కర్ర భుజానికెత్తుకుని కొండెక్కారు.

నాలుగు మందుబిళ్ళలు ఆ మధ్యాహ్నమే మింగించి ఉంటే బతికేదని నాకు తెలుసు. ఇన్నేళ్ళలో చాలామంది చాలా రకాలుగా ఓదార్చారు. అదంతా నేను పట్టించుకోను. తప్పు నాది.

ఆమె భర్త సినిమా నాటికి ఊళ్ళో లేడు. చింతపల్లి వైపు కాఫీ తోటల్లో పనికి వెళ్ళాడు. కబురంది వచ్చేసరికి అంతా అయిపోయింది. కొన్నాళ్ళకి తల్లిని తీసుకుని సబ్ సెంటరుకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. బల్ల మీద కూర్చుని, తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

చివరికి, "సినిమా సూసిందంట గదా సిస్టరమ్మా" అన్నాడు. "ఎప్పుడూ సూడలేదు అది. నాను తీసుకెల్తానన్నాను. నవ్విందేటి?"

అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ మధ్యాహ్నం కోడలి పక్కన కూర్చున్నది తనే.

"నవ్వింది" అన్నాను. "అందరికన్నా ఎక్కువ నవ్వింది."

అతను తల్లి వైపు తిరిగాడు. ఆమె నన్ను చూసింది. నేను చూపు దించుకున్నాను.

"అవున్రా, నవ్వింది" అంది ఆమె.

"ఏ కాడ నవ్వింది?"

"మంచం ఎగిరిన కాడ" అన్నాను.

అది చెప్పమన్నాడు. చెప్పాను. దర్జీ సంగతి, ఎక్కిళ్ళ సంగతి, మామ్మని మంచంతో సహా ఎత్తుకోవడం, మేడమీద నీళ్ళు, గడ్డిబండి, ఆమె లేచి డాన్సు చేయడం. మధ్యలో ఎక్కడ ఆపుదామన్నా, "అప్పుడు?" అంటున్నాడు. గడ్డిబండి దగ్గరికి వచ్చేసరికి అతను తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. కథ ఆపేసి, లేచి వెళ్ళి, తువ్వాలు పక్కకి తీసి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను.

జ్వరం లేదు.