బక్రీదు పొట్టేలి మేత

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది తొండూరు పక్క పల్లె. ఆ ఏడు వాన మొహం చాటేసింది. బీళ్లలో గడ్డిపోచ లేక ఊళ్లో మందలన్నీ తూర్పుకు వలస పోయాయి. మా గొర్రె ఒక్కటే పోలేకపోయింది. అప్పుడే రెండు పిల్లల్ని ఈనింది.

అది ఉన్ని రకం కాదు, పొట్టి వెంట్రుకల ఎర్ర గొర్రె. నేను పుట్టినప్పుడు అమ్మమ్మ వీరపునాయునిపల్లె నుంచి తోలుకొచ్చిన గొర్రెకు చివరి కూతురు. అది పోతే పుట్టింటి గురుతే పోతుందని అమ్మ దిగులు.

అమ్మ తుమ్మకాయలు ఏరుకొచ్చేది. వేపమండలు కట్టగట్టి దూలానికి వేలాడదీసేది. కిందపడి తొక్కిన ఆకును గొర్రె చస్తే ముట్టదు. కరువొచ్చినా దాని జమీందారీ పోలేదని నాన్న ఎగతాళి చేసేవాడు. ఇంత చేసినా పొదుగు ఎండిపోయింది. పిల్లలు తల్లిని పొడిచి పొడిచి, చివరికి అమ్మ కొంగు చీకేవి. అమ్మకు ముద్ద దిగేది కాదు.

మా పక్కిల్లు దూదేకులవాళ్లది. ఆ ఇంటి ముసలామెను అందరం జేజి అనేవాళ్లం. ఏటా బక్రీదుకు ఒక పొట్టేలును గుంజకు కట్టి మేపేది. దానికి ఉడికించిన ఉలవలు, నానబెట్టిన పత్తిగింజలు! మా ఇళ్లలో మనుషులకే అంత భోగం లేదు. పండగనాడు వచ్చినవాళ్లు దాని వీపు మీద చెయ్యేసి చూసేవాళ్లు. వెన్నెముక వేళ్లకు తగలకపోతే ఆ ఇంటికి గొప్ప. జేజికి ఆ పేరంటే ప్రాణం.

ఆ కరువులో ఒకనాడు జేజి గోడ మీదుగా ఉలవల గిన్నె చాపింది.

“ఇందమ్మా, నీ గొర్రెకు పెట్టు.”

“మీ పొట్టేలికి తక్కువ కాదా జేజీ?” అంది అమ్మ.

“దానికేంది, బలిసి నన్నే పొడుస్తాండాది. రోంత తగ్గితే నా మోకాళ్లన్నా బతుకుతాయి.”

మిగిలిందేనని నమ్మాం. గిన్నె రోజూ వచ్చేది. మెల్లగా పొదుగులోకి పాలు దిగాయి. పిల్లలు తోకలాడిస్తూ తాగుతుంటే అమ్మ నవ్వడం చాన్నాళ్లకు చూశాను.

పండగనాడు ఒకాయన పొట్టేలి వీపు తడిమి, “ఏంది జేజీ, ఎముకలు తగుల్తాండాయే!” అన్నాడు.

“ఈసారి దానికి గూడా రోజా ఉపాసం పెట్టించినాలేప్పా,” అంది జేజి. అందరూ పడీపడీ నవ్వారు. గోడ ఇవతల అమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం మా వంతు మాంసం విస్తరాకులో వచ్చింది. ఆ ఇంటి రుణం ఏ జన్మకు తీరుతుందో నాకిప్పటికీ తెలియదు. అన్నం దగ్గర నేను, “జేజి పొట్టేలికి కండే లేదంటనే అమ్మా,” అన్నాను.

అమ్మ దొడ్లోకి చెయ్యి చూపింది. గొర్రెపిల్లలు రెండూ గెంతుతున్నాయి.

“యాడికి పోయింది నాయనా? ఆడ ఎగురుతాండాది సూడు.”