ఎడమ చేతికి రాయని వరస

మా పియానో టీచరమ్మ పోయింది. తెల్లవారక ముందు ఫోన్ మోగితే గుండె జారిపోయే మనిషిని నేను. ఈసారి మోగింది పట్టపగలు, పితికిపప్పుకు అనపగింజలు నానబోస్తుంటే. అందుకే ఏ భయమూ లేకుండా ఎత్తాను.

"పెద్దమ్మా, అత్త నిద్దర్లోనే పొయింది," అంది ఆమె మేనకోడలు. "ఆదివారం ఇంట్లో ప్రార్థన. మీ పాట మీరు వాయించాలంట. అత్త ఎప్పుడో చెప్పి పెట్టింది."

ఆ పాట ఇంకా పూర్తికాలేదమ్మా అని చెప్పబోయాను. అంతలోనే ఆమె ఫోన్ పెట్టేసింది.

నాకూ పియానోకూ ఏం సంబంధమని మీరు అనుకుంటారు. చిత్తూరులో ఆమె ఇల్లు మాకు రెండు వీధుల అవతల. మనవరాలిని పాఠానికి తీసుకుపోయి వరండాలో కూర్చునేదాన్ని. చదువు ఎక్కువైందని ఆ పిల్ల మానేసింది. ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక రాత్రంతా దొర్లి, పొద్దున పోయి చెబితే, టీచరమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది.

"పిల్ల రాకపోతే ఏం మే, నీకు వేళ్ళు లేవా?"

"నాకేమొస్తాది టీచరమ్మా? అయిదో తరగతి కూడా దాటలా. నలుగురూ నవ్వరా?"

"నవ్వనీ. వాళ్ళకూ ఏదో ఒక పనుండాల గదా."

ఆమెకు పాత జాజ్ పాటలంటే ప్రాణం. అమెరికాలో నల్లవాళ్ళు తమ కష్టంలోంచి పుట్టించుకున్న సంగీతమని చెప్పేది. ఆ పాటలు లీడ్ షీట్ అనే కాగితం మీద ఉంటాయి. అందులో రాగం ఒక్కటే రాసి ఉంటుంది, దాని నెత్తిన అక్కడక్కడా ఇంగ్లీషు అక్షరాలు. ఎడమ చెయ్యి ఏం చేయాలో రాసి ఉండదు. ఆరితేరిన వాళ్ళు అక్షరం చూసి వేళ్ళ నిండా స్వరాలు పట్టుకుంటారట. మాలాంటి కొత్తవాళ్ళకు అది చేతకాదు కదా, అందుకని ఆమె ఒక్కొక్కరికీ విడిగా తగ్గించి రాసేది. ముందు చెయ్యి చాపమని, గాజులు తొడిగే మనిషిలాగా వేళ్ళు నొక్కి చూసి, అప్పుడు పెన్సిలు పట్టేది. నాకోసం ఒక పాట ఎంచుకుని, ఆ అక్షరాలను తెలుగులో రాసింది.

నాలుగు స్వరాలుంటే రెండు చెరిపేసేది. నాకు దిగులు పుట్టేది. అన్నీ లేకపోతే పాట పడిపోదా?

"పడిపోదులే. మొగం చూస్తే ఎవురి బిడ్డో తెలిసిపోతాది, ఇంటిపేరు కూడా చెప్పాల్నా?"

నిక్కచ్చిగా లెక్కపెట్టి వాయిస్తే ఒప్పుకునేది కాదు. "పోలీసోళ్ళ కవాతు మాదిరి వద్దు. నిండు చూలాలు నడిచినట్టు కొంచెం ఒరిగి, కొంచెం ఆగి నడవాల," అనేది.

మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల వాసన కిటికీలోంచి తీయగా వచ్చేది. ఆ మధ్యాహ్నాల్లో ఆమె రెండే వరసలు మళ్ళీ మళ్ళీ వాయిస్తూ, ఒక స్వరం చెరుపుతూ, ఒకటి పెడుతూ ఉంటే, నేను నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో తేలుతూ ఉండేదాన్ని. చెరిపేసిన స్వరాలు కూడా దూరంగా వినిపిస్తున్నట్టే ఉండేది. గ్యాసు కట్టానా, తలుపు వేశానా అనే రంధి ఆ కాసేపే నన్ను వదిలేది.

నా పాట చివరి వరస దగ్గరికి వచ్చేసరికి రాగముంది, తెలుగు అక్షరాలున్నాయి. కింద ఎడమ చేతి గీతలు ఖాళీ.

"టీచరమ్మా, ఈడ మర్చిపొయినారు."

"మర్చిపోలా. అది నువ్వు పెట్టాల."

"తప్పైతే?"

"అయితే కానీ మే. పాట తప్పితే ఎవురూ సావరు."

వచ్చే వారం పెడతానన్నాను. ఒక వారం మోకాలు, ఒక వారం వాన, ఒక వారం చుట్టాలు. ఆ వరస రాగానే చేతులు ఒడిలో పెట్టేసుకునేదాన్ని. ఆమె కోప్పడేది కాదు. కళ్ళు మూసుకుని కాసేపు అట్లాగే కూర్చునేది, మిగతాది తనకు వినిపిస్తున్నట్టు. అది చూసి, ఇంకా టైముందిలే అనుకున్నాను. అన్నిటికీ భయపడేదాన్ని, ఆ ఒక్కదానికి భయపడలేదు.

ఆదివారం ఆమె ముందుగదిలో కుర్చీలు చాలలేదు.

"వద్దులేమ్మా, ఎవురన్నా బాగా వచ్చినోళ్ళను వాయించమను," అన్నాను మేనకోడలితో.

"అత్త మీ పేరే చెప్పింది. కూచోండి పెద్దమ్మా."

కూర్చున్నాను. పాట ఒరిగి ఒరిగి నడిచి చివరి వరసకు వచ్చింది. కుడి చెయ్యి ఆగలేదు. ఎడమ చేతి రెండు వేళ్ళు ఎక్కడో దిగాయి. ఒకటి సరిగానే దిగింది, రెండోది పుల్లగా పలికింది. ముందు వరసలో ఒకామె తలెత్తి చూసింది. ఇంకెప్పుడైనా అయితే చెయ్యి లాగేసేదాన్ని. ఆ రోజు తీయబుద్ధి కాలేదు. చిటికెన వేలిని మెల్లగా పక్కనున్న నల్ల మెట్టు మీదికి జరిపాను. ఆ పులుపంతా కరిగి, గది వెచ్చబడినట్టయింది.

రాగం అయిపోయింది. వేళ్ళు మాత్రం ఎత్తలేదు. చెక్క లోపల ఆ రెండు స్వరాలు సన్నబడుతూ, సన్నబడుతూ ఉన్నాయి. చదవడానికి బైబిలు తెరిచిన పాస్టరుగారు, పేజీ మీద వేలు అట్లాగే ఆనించి, అవి పూర్తిగా ఆగేదాకా నిలబడి ఉన్నారు.