అయ్యగారు విన్న ఇంగ్లీషు క్యాసెట్టు

మొన్న తెనాలిలో కంటి డాక్టరుగారి దగ్గర కంట్లో చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకు కూర్చుంటే, పక్క కుర్చీలో అమ్మాయి ఫోనులోంచి ఒక పాత ఇంగ్లీషు పాట వినిపించింది. ముందు ఆర్గన్, వెనకాల నెమ్మదిగా అందుకునే గొంతులు. అది అయ్యేసరికి తరవాతి పాట పల్లవి దానంతటదే నా నోటికొచ్చేసింది గానీ, ఆ పిల్ల ఫోనులో ఇంకేదో మొదలైంది. ఆల్బమ్ మొత్తం ఒక వరసలో విన్న మన తరానికి ఈ అవస్థ తెలుసు. వరస తప్పితే మనసు ఒప్పుకోదు.

ఆ పాటలున్న క్యాసెట్టు మా అన్నయ్య తెనాలి రికార్డింగు షాపులో నాకోసం చేయించాడు. పెళ్ళయి రేపల్లె వెళ్ళేటప్పుడు చీరల మడతల్లో దాచుకుని పట్టుకెళ్ళాను, ఎందుకంటే అత్తవారింట్లో టేప్ రికార్డరు ఉన్నదే కీర్తనలు వినడానికి. మావయ్యగారు రిటైరైన మేష్టారు, చర్చి పెద్ద, వీధిలో సినిమా పాట వినిపిస్తే తలుపు వేసేసే మనిషి. ఒకరోజు ఆయన ఇంట్లో లేరనుకుని చిన్నగా పెట్టుకు వింటూ తలెత్తేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన మాత్రం ఆ ఆర్గన్ విని, తన చిన్నప్పుడు మిషను బడిలో దొరలు ఇలాగే పాడేవారనీ, ఎంత చక్కటి కీర్తనో అనీ నేను నోరు తెరిచేలోపే తేల్చేసి, ఆదివారం అయ్యగారికి వినిపించి తీరాలన్నారు. బాపట్ల నుంచి వచ్చి మా చర్చిలో ఆరాధన జరిపించే పాస్టరుగారిని మేమంతా అయ్యగారనే పిలిచేవాళ్ళం.

రెండో పాట సంగతి నాకు తెలుసు కదా. డ్రమ్ములు, ఈలలు, ముద్దివ్వమని అడిగే పిల్ల. అయ్యగారు ఒక్క మాటంటే చాలు, క్యాసెట్టు మాట అటుంచి, కొత్తకోడలిని, మా అమ్మానాన్నల పెంపకానికే మచ్చ వస్తుందని ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

ఆదివారం చేపల పులుసుతో భోజనాలయ్యాక మావయ్యగారు తన చేత్తోనే బటను నొక్కారు. మొదటి పాట గండం లేకుండా గడిచింది. రెండోది మొదలయ్యేసరికి మజ్జిగ గ్లాసులతో వంటింటి గుమ్మంలోనే కొయ్యబారిపోయాను. అయ్యగారు మూసిన కళ్ళు తెరవలేదు, పేము కుర్చీ చేతిమీద వేళ్ళు మాత్రం తాళం వేస్తున్నాయి.

మావయ్యగారికి అనుమానం వచ్చింది. "ఏంటండి అయ్యగారూ, ఇదీ కీర్తనేనా?"

"సంతోషంగా ఉన్నప్పుడు పాడుకునేదండి మేష్టారూ," అన్నారాయన తాపీగా. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర నాకు మాత్రమే వినిపించేలా, "రెండో వైపు ఇంకా బాగుంటుందమ్మా," అన్నారు. అమ్మయ్య అనుకుంటూ నూతిగట్టు మీద కూలబడ్డాను, వచ్చేది ఏడుపో నవ్వో నాకే తెలియలేదు.

ఆ తరవాత ఆ ఆల్బమ్ టేపు అరిగిపోయేదాకా మా ఇంట్లో మోగింది. మావయ్యగారు రెండో పాటకు తలూపడం కూడా నేర్చుకున్నారు. ఇప్పుడు ఆయనా లేరు, అయ్యగారూ లేరు. ఏ పాట కావాలంటే ఆ పాట ఫోనులో పెట్టుకుంటాను, ఎవరికీ జడవనక్కర్లేదు. హాయిగానే ఉంది, కాదనను. కానీ గుమ్మంలో నిలబడి, అదేం పాటమ్మా అని అడిగేవాళ్ళు కూడా లేరు.