కాశీలో వదిలేసిన మామిడిపండు

మా ఇంట్లో షుగరు నాకు. మామిడిపండు మానేసింది మా ఆవిడ. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

షుగరని తేలిన ఏడాదే పండ్లన్నిటికీ దణ్ణం పెట్టేశాను. ఎవరు పండు చేతికివ్వబోయినా "నాకు పడదు, తీసుకెళ్లు" అని కసిరేవాణ్ణి. కల్లంలో మిరపకాయలు ఆరబోసే కూలీల ముందు కూడా నా నిగ్రహం గురించి గొప్పలే. అన్నం దగ్గర మాత్రం ఏ నిగ్రహమూ లేదు. పప్పుతో ఒకసారి, గోంగూరతో ఒకసారి, పెరుగుతో ఇంకోసారి, కంచం నిండా. అన్నం తియ్యగా ఉండదు కదా, దానికీ షుగరుకీ ఏం సంబంధం అనుకున్నాను.

ఆ తర్వాత ఇద్దరం కాశీ వెళ్లాం. అక్కడ గంగలో మునిగి ఒక పండూ ఒక కూరగాయా వదిలేయాలి, ఈ జన్మలో మళ్లీ ముట్టకూడదు. ఇష్టమైనవే వదలాలంటారు. నేను తక్కువవాణ్ణా! వెలగపండు, కాకరకాయ వదిలాను. మొదటిది ఎప్పుడూ తిన్న పాపాన పోలేదు, రెండోదాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మంట. మా ఆవిడ దోసిట్లో నీళ్లు పట్టుకుని మామిడిపండు అంది.

"పిచ్చిదానా, అదెందుకు?" అన్నాను.

"మీరు తినలేనిది మీ ఎదురుగా కూర్చుని ఎట్లా తిననండీ?" అంది.

వేసవి వస్తే ముక్కలన్నీ నాకూ పిల్లలకూ కోసిపెట్టి, టెంక పట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుని, పీచు తెల్లగా తేలేదాకా చీకే మనిషి. ఎంత మంచి పెళ్లాం దొరికిందని నేను లోపల మురిసిపోయాను కూడా. ఛీ!

మొన్న వేసవి మొదట్లో షుగరు బాగా పెరిగితే గుంటూరు ఆసుపత్రికి వెళ్లాం. తిండి సంగతులు చెప్పే డాక్టరమ్మ, మా అమ్మాయి వయసుది, ఏమేం తింటారని అడిగింది.

"పండన్నది ముట్టనండీ" అన్నాను ఛాతీ విరుచుకుని.

అన్నం ఎంత తింటారంటే మా ఆవిడ రెండు చేతులూ చాపి గిన్నె కొలత చూపించింది. ఆ పిల్ల నవ్వు ఆపుకుంది.

"అంకుల్, పండులో ఉండేదీ కార్బోహైడ్రేటే, అన్నంలో ఉండేదీ కార్బోహైడ్రేటే. నాలిక్కి తియ్యగా తగలకపోయినా, కడుపులోకి వెళ్లాక అన్నమూ చక్కెరే అవుతుంది. పండులో కాస్త పీచన్నా ఉంటుంది. జ్యూసులు వద్దు. అన్నం బాగా తగ్గించి, ఆ పూట రెండు మామిడి ముక్కలు హాయిగా తినండి. కాకరకాయ లాంటి కూరలు ఎక్కువ తినండి."

నేను గోడ మీది గడియారం వంక చూశాను.

"కాకరకాయ ఆయన కాశీలో వదిలేశారండీ" అంది మా ఆవిడ.

"మరి మీరేం వదిలారమ్మా?"

"మామిడిపండు."

"మీకూ షుగరుందా?"

"అబ్బే, లేదండీ."

డాక్టరమ్మ నా వంక చూసింది. భూమి చీలితే అందులోకి దూరిపోదును.

దారిలో మా ఆవిడే ఆటో ఆపించి బంగినపల్లి పళ్లు కొంది. మర్నాడు మధ్యాహ్నం నా కంచంలో గరిటెడు అన్నం, సగం కంచం బీరకాయ కూర, పక్కన రెండు మామిడి ముక్కలు పెట్టింది.

"నువ్వూ ఒక ముక్క తినవే. నా కోసమేగా వదిలావు, ఇప్పుడు నేనే తింటున్నాను" అన్నాను.

"చాల్లెండి సంబడం. గంగలో నిలబడి అన్న మాట, మీకు వీలైనప్పుడల్లా మారుద్దా?"

ఆ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఎన్నేళ్లయిందో ఆ రుచి తగిలి!

"ఎట్లా ఉంది?" అని అడిగింది.

"చప్పగా ఉంది" అన్నాను తల వంచుకుని.

"ఊరుకోండి, వాసన చూడ్డం నేను కాశీలో వదల్లేదు" అని నవ్వి, టెంక తీసుకెళ్లి గేదె కుడితిలో వేసింది.