కళ్ళు మూసుకుంటే తెలిసింది

మిట్టమధ్యాహ్నం జువ్వలదిన్నె హార్బరు సిమెంటు మీద ఉత్త కాళ్ళతో నడవగలిగిన మనిషి మాలకొండమ్మ ఒక్కతే. మిగతా ఆడవాళ్ళు చెప్పులున్నా ఎగిరెగిరి అడుగులేస్తుంటే, ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని తాపీగా వక్క నములుతూ పోయేది.

"అత్తా, నీయి కాళ్ళా, ఇనప గుంజలా?" అని పడవల వాళ్ళు ఎగతాళి చేస్తే, "మీ మాదిరి బూట్లేసుకుని పెరిగినామా?" అనేది.

ఆమెకు ఏళ్ళ తరబడి షుగరుంది. గుర్తొస్తే మాత్ర వేసుకునేది, లేకపోతే లేదు.

ఆ రోజు కావలిలో చేపలమ్మి ఇంటికొస్తే, వాకిట్లో నెత్తుటి అడుగులు చూసి కోడలు వినీల కేక పెట్టింది. చిటికెనవేలి కింద జెల్లచేప ముల్లు దిగి విరిగి ఉంది. అది గుచ్చుకుంటే వలలు లాగే మగాళ్ళే గిలగిల్లాడిపోతారు. ఆ ముల్లుతోనే మాలకొండమ్మ ఊరంతా తిరిగొచ్చింది.

"రవ్వంత పసుపు పెట్టు మే, అదే పోద్ది" అంది, ముల్లు పీకి పారేసి.

పోలేదు. పాదం వాచి నల్లబడింది. వినీల పోట్లాడి ఆటో ఎక్కించి కావలి ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరు పాదాన్ని సూదితో పొడిచి, "తెలుస్తోందా?" అన్నాడు.

"తెలస్తా ఉండాదయ్యా."

"ఇక్కడ?"

"ఆడా తెలస్తా ఉండాది."

స్పర్శ ఉందని రాసుకున్నాడు. "నొప్పి బాగా ఉందా?"

"నొప్పేం లేదు."

"ఇప్పుడేగా తెలుస్తోందన్నావు?"

"నా ఎదురుగానే పొడస్తా ఉండావు. కండ్లుండేదానికి తెలవకుండా పోద్దా?"

వినీల కిసుక్కున నవ్వింది. డాక్టరు నవ్వలేదు. "కళ్ళు మూసుకోమ్మా" అన్నాడు.

మూసుకుంది. ఫ్యాను చప్పుడు వినిపించింది. వినీల గాజులు కదిలాయి. మాలకొండమ్మ చాలాసేపు ఓపిక పట్టింది.

"ఎంతసేపయ్యా, మొదలుపెట్టు."

"అయిపోయిందమ్మా."

కళ్ళు తెరిస్తే వేళ్ళ నుంచి మడమ దాకా ఎర్రటి చుక్కలు. కోడలి వైపు తిరిగింది. "నువ్వు చూసినావా?"

వినీల తలూపింది. అప్పుడు వేసింది మాలకొండమ్మకు భయం.

చీము పైకి పాకితే పాదం తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు. పాదం లేకపోతే ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మడం ఉండదు. చివరికి చిటికెనవేలు పోయింది, పాదం దక్కింది.

ఇంటికొచ్చిన సాయంత్రం అరుగు మీద కూర్చుని, కొత్త చెప్పు విడిచి, ఎవరి చేతా ఏ సేవా చేయించుకోని ఆ మనిషి తన కాలెత్తి కోడలి ఒళ్ళో పెట్టింది.

"వేళ్ళ సందులు గూడా చూడు మే. ముల్లుండినా, గాజుపెంకుండినా చెప్పు. భయపడతానని దాచబాక."

వినీల సెల్‌ఫోను లైటు వేసి, పాదం మీదికి వంగింది.