చేదు తీసేసిన పిండి

మా పిన్ని ఆసుపత్రి వంటగదిలో జావ కాస్తుంది. మింగడం కష్టమైన రోగులకి పెట్టే జావ అది. నోటికి ఉండ తగలకూడదు, చేదు అసలే ఉండకూడదు. ఏళ్ల తరబడి అదే పని చేసి చేసి, ఇంట్లో ఏది కాచినా వడకట్టందే గిన్నెలో పొయ్యదు. బాబాయి మంచినీళ్లు అడిగి, "వడకట్టే తెస్తున్నావా?" అని ఏడిపిస్తాడు. ఆవిడ నవ్వదు. పని విషయంలో ఆవిడకి హాస్యాలు గిట్టవు.

మా పై వాటాలో గడియారాలు బాగుచేసే ముసలాయన ఉంటాడు. అందరికీ గడియారాల తాత. కుర్రతనంలో ఇటలీ కొండల్లోంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మన మాట మనకంటే శుభ్రంగా మాట్లాడతాడు. అక్కడ ఆయన అక్క రొవేయా అనే పాతకాలపు బఠానీ పండించేది. చిన్న నల్లటి గింజ, చూస్తే కలుపుమొక్క విత్తనం అనుకుంటాం. ఆవిడ పోయింది, పొలం అమ్మేశారు. ఇల్లు ఖాళీ చేస్తూ ఆవిడ కూతురు, మిగిలిన రొవేయా పిండిని డబ్బాలో పోసి మేనమామకి పంపింది.

తాతకి చేతులు వణుకుతాయి, గరిటె తిప్పలేడు. డబ్బా పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వచ్చి పిన్ని చేతిలో పెట్టాడు. మరిగే ఉప్పునీళ్లలో పిండి చల్లుతూ కలపడమే, దించాక పైన వెల్లుల్లి వేయించిన నూనె, అంతే అన్నాడు.

"ఒక్కసారి మా అమ్మ చేసినట్టు తినాలనుందమ్మా. ఈ పిండి మళ్లీ రాదు."

పిన్ని ఆ మాటకి కరిగిపోయింది. ఆ కరగడమే కొంప ముంచింది. తాతకి పెట్టేది తిరుగులేకుండా ఉండాలని, ముందు మన ఇంట్లో చేసి చూద్దామంది. ఆయన చెప్పినట్టే చేసింది. బూడిదరంగు ముద్ద, నిండా ఉండలు, మింగాక నాలుక చివర చేదు. బాబాయి ఒక్క చెంచా తిని, ఎవరికైనా జ్వరం వచ్చిందా, కషాయం కాచావేంటి అన్నాడు. పిన్ని మొహం మాడిపోయింది. గిన్నె తీసుకెళ్లి మొత్తం పారబోసింది.

తాతని ఓసారి కిందికి పిలిచి అడగరాదూ అన్నాను. నా నోట మాట నోట్లోనే ఉంది, ఇంతెత్తున లేచింది. ఊరందరికీ జావ కాసే మనిషి, పిండి కలపడం ఎలాగో వెళ్లి అడగాలా అని. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లెవరూ మా ఇంట్లో లేరు.

మర్నాడు పిండిని దోరగా వేయించి చూసింది. చేదు తగ్గలేదు, అదీ పారబోసింది. చివరికి మిగిలినదంతా నానబెట్టి, పైన తేరిన నీళ్లు వంపేసి, పలచటి గుడ్డలో వడకట్టి, కాసిని పాలు పోసి కాచింది. వెన్నలా వచ్చింది. ఎన్నాళ్లకో ఆవిడ మొహంలో గర్వం చూశాను. నేనూ గిన్నె అందుకుని వెంట వెళ్లాను.

తాత తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కాసేపు అలాగే ఉంచుకున్నాడు. రెండోది తిన్నాడు. చాలా మెత్తగా ఉందమ్మా అన్నాడు. తర్వాత, ఏమీ తెలియని పిల్లాడిలా, ఇది దేంతో చేశావని అడిగాడు.

మీ పిండే తాతగారూ అంది పిన్ని. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆయన చెంచా కింద పెట్టలేదు. ఆవిడ బాధపడుతుందని తింటూనే చెప్పాడు. వాళ్లమ్మ చేసిందాంట్లో నిండా ఉండలుండేవట. ఆ ఉండల కోసం తనూ అక్కా కొట్టుకునేవాళ్లట. తిన్నాక చాలాసేపు నాలుక మీద చేదు నిలిచేదట, ఆ చేదుతోనే బడికి పరిగెత్తేవాళ్లట. డబ్బాలో ఇంకాస్త ఏమైనా ఉందా అన్నాడు.

పిన్ని తల అడ్డంగా ఊపింది. అబద్ధం చెప్పి బయటపడే మనిషి కాదు, కళ్లు తుడుచుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మొదటిసారి అలాగే వచ్చింది తాతగారూ. ఉండలు, చేదు, అన్నీ. మీకు అలాంటిది ఎలా పెట్టను అని పారబోశాను."

తాత గిన్నె ఖాళీ చేసి పక్కన పెట్టాడు. పిన్ని చేతిని తన వణికే చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఒక్క కేక వేస్తే సరిపోయేది కదమ్మా. పైనే కూర్చుని ఉన్నాను."